పన్నా చెప్పని ధర

బట్టల కొట్టుకెళ్లి మీటరెంత అని అడగనివాళ్లు ఉండరు. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, ఎంత అని అడిగేవాళ్లే తగ్గిపోయారు. మా అమ్మల తరం ఆ రెండు ప్రశ్నలూ ఒక్క గుక్కలో అడిగేది. అడక్కపోతే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. కొట్లో సరిపోయిందనుకున్న గుడ్డ దర్జీ బల్ల మీద పరిచేసరికి చాలకుండా పోతుంది. అప్పుడు కొట్టువాడు ఎదురుగా ఉండడు కాబట్టి మాట పడేది దర్జీయే.

పన్నా ఎప్పుడూ ఒక్కలా లేదు. ఒకప్పుడు చొక్కా గుడ్డ, జాకెట్టు గుడ్డ, లంగాల పాప్లిన్, అన్నీ 36 అంగుళాలే. తర్వాత 44 వచ్చింది. ప్యాంటు గుడ్డకి మొదలైన 58 ఇప్పుడు చొక్కాలకీ మామూలైంది. ఇంకో తమాషా చూడండి. తూనికలు, కొలతల చట్టం 1956లో వచ్చి, 1958 అక్టోబరు నుంచి విడతలవారీగా అమల్లోకొచ్చాక గజం పోయి మీటరొచ్చింది. పొడవు మీటర్లలోకి మారింది కానీ వెడల్పు ఇవాళ్టికీ అంగుళాల్లోనే ఉండిపోయింది. చట్టానికి అంగుళం తెలియదు, కొట్టుకి సెంటీమీటరు పట్టదు. అందుకే మీటరు ధర బోర్డు ఎక్కింది, పన్నా సేల్స్‌మన్ నోట్లోనే ఆగిపోయింది.

పన్నాని నిర్ణయించింది తొడుక్కునేవాళ్లు కాదు, మగ్గం. చేత్తో నాడె విసిరి, రెండో చేత్తో పట్టుకునే రోజుల్లో బట్ట వెడల్పు నేతగాడి చేతులు చాచినంత. అంతకన్నా వెడల్పు కావాలంటే మగ్గం దగ్గర ఇద్దరు కూర్చోవాలి, లేదా రెండు బట్టలు నేసి నడిమధ్య కుట్టాలి. పాత చేనేత దుప్పట్లలో మధ్యలో నిలువునా కనిపించే కుట్టు అదే. ఇంగ్లండులో జాన్ కే 1733లో తాడు లాగితే తనంతట తాను పరిగెత్తే నాడెకి పేటెంటు తీసుకున్నాక, ఒక్క మనిషే వెడల్పు బట్ట నేయగలిగాడు. మన వైపు మగ్గాల్లోకి ఆ నాడె బాగా వచ్చింది 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో. బొంబాయి, అహ్మదాబాదు మిల్లులు మొదట్లో లాంకషైర్ నుంచి మగ్గాలు తెచ్చుకున్నాయి. మగ్గాలతో పాటు అక్కడి గజం వెడల్పు లెక్కా దిగుమతైంది. 1950లలో స్విట్జర్లాండు కంపెనీ సుల్జర్ నాడే లేని మగ్గాన్ని మార్కెట్లోకి తెచ్చింది. వేలెడంత లోహపు ముక్క నూలుపోగుని పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి దూసుకెళ్తుంది. ఎంత వెడల్పైనా దానికి లెక్కలేదు. సిరిసిల్లలోనూ, మన పద్మశాలీలు వలసెళ్లిన భివాండీలోనూ ఖటఖటమనే పాత నాడె మరమగ్గాలు తమ పన్నాల్లోనే ఉండిపోతే, కొత్త యంత్రాలు పెట్టిన మిల్లులు 58, 60 దాటి పోయాయి. పెద్ద పన్నా వచ్చింది మన ఒళ్లు పెరిగినందుకు కాదు.

పెద్ద పన్నా అంటే పొదుపు అని కొట్టువాళ్లు చెప్తారు. ఒక లెక్క వేద్దాం. 36 పన్నా గుడ్డ మీటరు 200 రూపాయలు, 58 పన్నా గుడ్డ 300 అనుకోండి. అంగుళం పన్నాకి మొదటిది 5 రూపాయల 55 పైసలు పడుతుంది, రెండోది 5 రూపాయల 17 పైసలు. అంటే 300 రూపాయల గుడ్డే చవక. సరే, చొక్కా కుట్టిద్దాం. సాధారణ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి ఫుల్ హ్యాండ్స్ చొక్కాకి 36లో రెండుంబావు మీటర్లు, 58లో మీటరు 60 సెంటీమీటర్లు తీసుకోవడం ఆనవాయితీ. మొదటిది 450 రూపాయలు, రెండోది 480. చవక గుడ్డతో చొక్కా 30 రూపాయలు ఎక్కువైంది! చదరపు మీటర్లలో చూస్తే రెండింటి మధ్య తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 36లో రెండు చదరపు మీటర్ల పైచిలుకు, 58లో రెండుంబావు దాటి గుడ్డ పోతోంది. పెద్ద పన్నా పొడవుని మిగులుస్తుంది కానీ గుడ్డని కాదు. వీపు, రెండు ముందు భాగాలు, చేతులు పక్కపక్కనే పరుచుకోగా కాలరుకీ కఫ్‌లకీ పోను ఓ పక్కన ముక్క మిగులుతుంది.

ఆ ముక్క వృథా కాకూడదంటే ఒకటి కన్నా ఎక్కువ బట్టలు కలిపి కత్తిరించాలి. దసరాకో సంక్రాంతికో ఇంట్లో పిల్లలందరికీ ఒకే తానులోంచి గుడ్డ తీయించి, అన్నదమ్ములని బ్యాండు మేళంలా తయారుచేసిన నాన్నలు చేసిందదే. పెద్దాడి చొక్కా పక్కన మిగిలిన సందులో చిన్నాడి చేతులు పడిపోయేవి. రెడీమేడ్ ఫ్యాక్టరీ అచ్చంగా ఇదే పని కంప్యూటర్ మీద చేస్తుంది. రకరకాల సైజుల ముక్కలు ఒకదాని సందులో ఒకటి ఇమిడేలా గీసి, పొరల మీద పొరలు పరిచి ఒక్క కోతలో కోస్తుంది. పెద్ద పన్నా అసలు అక్కరకొచ్చేది అలాంటి చోట. ఒక్క చొక్కా కుట్టించుకునే మనకి కాదు.

మరి ఆ మిగిలిన ముక్క ఎవరిది? ఊళ్లో దర్జీకి ఉన్న చెడ్డపేరంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. కంసాలి దగ్గర బంగారం, దర్జీ దగ్గర గుడ్డ తరుగుతాయని మనవాళ్లకు పుట్టుకతో వచ్చిన అనుమానం. 36 పన్నా రోజుల లెక్క బుర్రలో పెట్టుకుని 58 పన్నాలో రెండుంబావు మీటర్లు తీసుకొచ్చే తాతగారికి దర్జీ ఆ మిగులుని కవర్లో పెట్టి ఇవ్వాల్సిందే, సందేహం లేదు. కానీ దీనికి తిరగబడిన కేసులే ఎక్కువ. కొట్లో 58 అనుకుని మీటరున్నర చింపించుకొస్తారు, తీరా అది 44. దర్జీ టేపు పెట్టి పక్కకి నెట్టేస్తాడు.

"గుడ్డ చాలదండీ, ఇంకో అర మీటరు తెండి."

"అదేంటి మాస్టారూ, పోయినసారి మీటరున్నరలోనే కుట్టారుగా!"

ఈ మాటల్లో పన్నా ఎక్కడా రాదు చూడండి. మాస్టారు అబద్ధం ఆడుతున్నాడని ఒకరు, పార్టీ పిసినారిదని ఇంకొకరు మనసులో అనుకుని ఊరుకుంటారు. ఆ పధ్నాలుగు అంగుళాల సంగతి చెప్పకుండా బిల్లు రాసినవాడికి మాత్రం ఏ మచ్చా అంటదు.

ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా అన్యాయం. చీరతో వచ్చే జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు. చీర పన్నా 46 అంగుళాలైతే అది 36 పన్నా టూ బై టూ మీటరుతో దాదాపు సమానం, పిసరు ఎక్కువే. మీటరు జాకెట్టు గుడ్డ అన్న పాత లెక్కకీ, చీరలో 80 అన్న కొత్త లెక్కకీ పొత్తు అలా కుదిరింది. ఇప్పుడు పేరంటాల్లో, గృహప్రవేశాల్లో తాంబూలంతో పెట్టే ముక్క సంగతి చూడండి. దాని మీదా 80 సెంటీమీటర్లే ఉంటుంది, పన్నా మాత్రం 36. అంటే అయిదో వంతు గుడ్డ చడీచప్పుడు కాకుండా ఎగిరిపోయింది. మోచేతి దాకా చేతులు పెట్టాలంటే ఏ దర్జీ వల్లా కాదు. అందుకే ఆ ముక్క బీరువాలో నాలుగు నెలలుండి, ఇంకొకరి పేరంటంలో ఇంకొకరి ఒళ్లో పడుతుంది. మన పెట్టుబడి సంప్రదాయం ఇంత గట్టిగా నిలవడానికి చాలని పన్నా కూడా కొంత కారణమేమో!

చీరకి పన్నా అంటే ఎత్తు. చుట్టుకున్నాక నడుము నుంచి పాదం దాకా వేలాడేది అదే కదా. 46 అంగుళాల చీర సగటు ఎత్తుకి సరిపోయి, పైన దోపుకోవడానికి కాస్త మిగులుతుంది. పొడుగరి అమ్మాయి ఎత్తు చెప్పులేసుకుంటే మాత్రం 44 చీర చీలమండల దగ్గరే ఆగిపోతుంది. అయినా చీరల కొట్లో పొడవు, బ్లౌజు గురించి చెప్పినంత గట్టిగా పన్నా గురించి చెప్పరు. చిన్నపిల్లల పట్టులంగాలోనూ ఇంతే. జరీ అంచు కిందికి రావాలి కాబట్టి గుడ్డని అడ్డంగా తిప్పి కుడతారు, పన్నాయే లంగా పొడుగవుతుంది. ఆరేళ్ల పిల్లకి ఆ పన్నా చాలా ఎక్కువ. దాన్ని కత్తిరించేవారు కాదు. అంచుకి పైన లోపలికి రెండు మూడు మడతలు పెట్టి కుట్టేవారు. పిల్ల ఎదిగినకొద్దీ ఒక్కో మడత విప్పేవారు. విప్పినచోట పాత రంగు ముదురుగా గీతలా కనిపించేది, అయినా లంగా ఇంకో రెండు పండగలకి వచ్చేది. పన్నాని ఇంత బాగా వాడుకున్న కుట్టు ఇంకోటి నేను చూళ్లేదు.

ఇంట్లో కుట్టుకునే అలవాటు బాగా ఉన్న అమెరికాలో ఈ చిక్కుని కాగితం మీదే తీర్చుకున్నారు. సింప్లిసిటీ, మెకాల్స్, బటరిక్ లాంటి కంపెనీలు అమ్మే గౌను నమూనాల కవరు వెనక ఓ పట్టీ ఉంటుంది. మీ సైజు ఫలానా అయితే 35-36 పన్నాలో ఇన్ని గజాలు, 44-45లో ఇన్ని, 54లో ఇన్ని అని. అక్కడా అచ్చు వేసిన నూలుగుడ్డ 36 నుంచి 44-45కి మారిపోయింది, 1970లలో పాలియెస్టర్ అల్లిక బట్టలు 60కి తెచ్చాయి. పాత కవర్లు, కొత్త కవర్లు పక్కపక్కన పెడితే మగ్గాల చరిత్రంతా ఆ పట్టీలో చదవొచ్చు. పన్నా మారినా కొనేవాళ్లు మోసపోలేదు. మనకి ఆ పట్టీ దర్జీ బుర్రలో ఉంది. గుడ్డ కొన్నాక గానీ మనం ఆయన దగ్గరికి వెళ్లం.

చిన్న పన్నా అంతరించిందనీ అనుకోకండి. పాత నాడె మగ్గాల మీద ముప్పై అంగుళాలకి అటూ ఇటూగా నేసే డెనిమ్ కోసం ఇవాళ కుర్రాళ్లు ఎగబడుతున్నారు. మామూలు జీన్సుకయ్యే పొడవుకి దాదాపు రెట్టింపు గుడ్డ పడుతుంది. ధరా అలాగే ఉంటుంది. ప్యాంటు కింద మడిస్తే ఎర్ర దారంతో శుభ్రమైన అంచు కనిపించడం దాని గొప్ప. మన తాతల బట్టలన్నిటికీ ఆ అంచు ఉండేది, ఎవరూ మడిచి చూపించలేదు.

పన్నా రాయమనడం గొంతెమ్మ కోరికేం కాదు. 1215లో ఇంగ్లండు రాజుతో ప్రభువులు ఒప్పించిన మాగ్నా కార్టాలోనే రాజ్యమంతటా రంగు బట్టకి ఒకటే వెడల్పు ఉండాలని, అది అంచుల లోపల రెండు 'ఎల్'లు (అప్పటి బట్ట కొలత) అని ఉంది. నరసాపురం దగ్గర మాధవాయిపాలెంలో బట్ట కొన్న ఈస్టిండియా కంపెనీ గుమస్తాలు పొడవుతో పాటు పన్నా కొలిచి, తగ్గితే నేతగాడి డబ్బు కోసేవారు. కొనేవాడు బలవంతుడైనప్పుడు పన్నా ఎప్పుడూ లెక్కలో ఉంది. లెక్కలోంచి జారిపోయింది మనలాంటి మీటరు, రెండు మీటర్ల గిరాకీ దగ్గరే. మీటరు ధర రాసిన చీటీ మీదే పన్నా కూడా రాయాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫొటో కింద మొదటి వరుసలోనే పెట్టాలి. అంగుళాల్లో రాసినా సెంటీమీటర్లలో రాసినా నాకు అభ్యంతరం లేదు.

అప్పటిదాకా టేపు మీరే తీసుకెళ్లండి. తాను మీద 57-58, 44-45 అని జంట అంకెలు ఎందుకుంటాయంటే, మగ్గం మీద 63 ఉన్న బట్ట ఉతికి, రంగేసి, ఆరాక కుంచించుకుని ఆ దగ్గరలో ఎక్కడో ఆగుతుంది. ఆరబెట్టే యంత్రం బట్టని రెండంచులా సూదులతో పట్టుకుని లాగుతుంది. అంచు పొడుగునా వరసగా కనిపించే సన్నటి పోట్లు వాటివే. ఆ పోట్ల భాగం కుట్టుకి పనికిరాదు, టేపు వాటికి లోపలే పెట్టాలి. 44 అన్నది అలా కొలిస్తే 42కి దిగొచ్చు. ఆ 42నే దర్జీకి ఫోన్లో చెప్పండి. ఎన్ని మీటర్లు చింపించాలో ఆయన అప్పటికప్పుడే చెప్తాడు.