తొందరపడని సాక్ష్యం



"అయ్యగారూ, అంగారకుడి మీద జీవం దొరికిందంట. మరి మన విశ్వాసం సంగతేంటి?" ఆరాధన అయ్యాక ఇంటర్ చదివే పిల్లవాడు ఫోనులో వీడియో చూపిస్తూ అడిగాడు.

జీవం దొరకలేదు. దొరికింది ఒక రాయి. నాసా పంపిన పర్సివరెన్స్ రోవర్ 2021లో జెజెరో అనే పెద్ద బిలంలో దిగింది. ఒకప్పుడు అదొక సరస్సు. అందులోకి నీరు తెచ్చిన ఏటి లోయలో 2024 జూలైలో చెయావా ఫాల్స్ అని పేరుపెట్టిన రాయి కనబడింది. దాని మీద చిరుతపులి మచ్చల్లాంటి మచ్చలు. వాటిలో వివియనైట్, గ్రీగైట్ అనే ఇనుప ఖనిజాల జాడలు, రాయిలో సేంద్రియ కార్బన్ కనిపించాయి. మన భూమి మీద బురదలో బతికే సూక్ష్మజీవుల వల్ల ఇలాంటి ఖనిజాలు ఏర్పడతాయి. అయితే జీవం లేకుండానూ ఏర్పడగలవు.

అందుకే శాస్త్రవేత్తలు ఏడాదికి పైగా పరిశీలించి, 2025 సెప్టెంబరులో ఇది జీవపు గుర్తు కావచ్చని మాత్రమే అన్నారు. వారికి పాత అనుభవం ఉంది. అంటార్కిటికాలో దొరికిన అంగారక ఉల్కలో జీవపు ఆనవాళ్లున్నాయని 1996లో ప్రకటన వచ్చింది. అధ్యక్షుడు క్లింటన్ కూడా దాని గురించి మాట్లాడారు. తర్వాత జీవంతో పనిలేని వివరణలు వచ్చాయి. ఇప్పుడు ఎక్కువమంది దానిని ఒప్పుకోరు.

ఈ సంగతి చదివి నేను సిగ్గుపడ్డాను. కొన్నేళ్ల క్రితం మా సంఘంలో ఒక తల్లి తన షుగర్ పూర్తిగా పోయిందని సాక్ష్యం చెప్పింది. పరీక్ష చేయించావా అమ్మా అని నేను అడగలేదు. హల్లెలూయా అన్నాను. ఆమె మాత్రలు మానేసింది. రెండు నెలలకు కాలి పుండుతో ఆసుపత్రిలో చేరింది. దేవుడు స్వస్థపరచడని నేను అనను. ఆయన మహిమకు మన తొందర అవసరం లేదంటాను.

ఆ రాతి నుంచి తీసిన చిన్న ముక్క గొట్టంలో భద్రంగా ఉంది. భూమికి తెచ్చి చూస్తేనే సంగతి తేలేలా ఉంది. తెచ్చే పథకమేమో ఖర్చు పెరిగి చిక్కుల్లో పడింది. అయినా వారు ఊహతో ఖాళీ నింపడం లేదు.

ఆ పిల్లవాడితో ఇలా అన్నాను: "బాబూ, అక్కడ ఒకప్పుడు సూక్ష్మజీవులు ఉన్నాయని తేలితే, వాటినీ చేసినవాడు మన దేవుడే. లేవని తేలితే మనం గెలిచినట్టు కాదు. నిజానికి భయపడే విశ్వాసం మనకొద్దు."

ఇకమీదట మా సంఘంలో స్వస్థత సాక్ష్యానికి ముందు పరీక్ష కాగితం అడుగుతాను. ఎవరైనా నొచ్చుకుంటే క్షమించండి. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.