శని ఆదివారముల రాజమహేంద్రవరము



పలనాటి కోడలినైన నాకు శ్రీనాథునిపై ఒక చిన్న కోపము కలదు. మా సీమలో జొన్నకూడు, జొన్నయంబలి తప్ప సన్నబియ్యపుటన్నము కనబడదని ఆయన పేర చెల్లుచున్న చాటువులు ఎత్తిపొడుచుచున్నవి. ఆ మహాకవియే 15వ శతాబ్దమున రాజమహేంద్రవరపు రెడ్డిరాజుల కొలువులో వెలుగొంది, కాశీఖండమును వీరభద్రారెడ్డికి అంకితమిచ్చెను. “మన కూటికి వంకపెట్టినవాడు కూర్చున్న ఊరి విస్తరి యెట్టిదో ఒకమారు చూచి రావలదా?” అని మొన్న రాత్రి మావారితో అంటిని. బడికి సెలవుగల రెండవ శనివారమును, మరునాటి ఆదివారమును కలిపి పోవుదమని ఆయన ఒప్పుకొనిరి. ఆ ప్రయాణపు ఏర్పాటులే ఈ నెల మన ముచ్చట.

మాచర్లనుండి రాజమహేంద్రవరము సుమారు 300 కిలోమీటర్లు. శుక్రవారము బడి విడిచిన పిదప బయలుదేరి, గుంటూరు మీదుగా విజయవాడ చేరి, అచ్చట రాత్రి రైలెక్కవలెనని నిశ్చయించితిమి. తిరుగు ప్రయాణపు టిక్కెట్లు ముందుగానే కొనుట మంచిది. ఆదివారము రాత్రి బండ్లలో చోటు దొరకుట కష్టము. కార్తికమునుండి మాఘమువరకు ఈ యాత్రకు అనువైన కాలము. వేసవిలో గోదావరి యొడ్డున ఉక్కకు తాళలేము, ఆకలియు పుట్టదు.

నేనొక నియమము పెట్టితిని: ఈ ప్రయాణమున పొయ్యి వెంట రాదు, గరిటె వెంట రాదు. యాత్రకు పోయినను మనము సత్రములో మరల వంటకు పూనుకొని, అందరును తిన్న పిదప చల్లారిన మెతుకులు తినుట అలవాటైపోయినది. ఈ రెండుదినములు మనకు ఇతరులు వడ్డింపవలెను, వేడివేడిగా తినవలెను.

ఇచ్చటనే చిక్కు వచ్చెను. మా అత్తగారు డెబ్బదియేండ్లకు చేరువైనవారు. మామగారు పోయిన నాటినుండి ఆమె ఇంటిలోని మడివంట తప్ప మరొకటి ముట్టరు. “మీరు పోయి రండి. నాకు ఇంట గుప్పెడు అటుకులు చాలును” అనిరి. ఆమెను విడిచిపోవుటకు మనసొప్పలేదు, బలవంతపెట్టుటయు తగదు. కనుక రెండుదినముల కార్యక్రమమును కాగితముపై వ్రాసి, ఆమె యెదుట కూర్చుండి చదివితిని.

శనివారము ఉదయము పుష్కరఘట్టమున స్నానము. 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కొలువులోనుండి నన్నయభట్టారకుడు భారతమును తెనిగింపబూనినది ఈ యూరనే. కనుక తల తుడుచుకొనుచునే ఆయనకొక నమస్కారము. పిదప ఉప్మా పెట్టిన పెసరట్టు, అల్లపుపచ్చడి. మధ్యాహ్నము అరటియాకులో భోజనము. ఆవ పెట్టిన పనసపొట్టుకూర, కందబచ్చలికూర, ముక్కలపులుసు, గడ్డపెరుగు ఆ సీమ రుచులు. ఇవి ప్రతిదినమును ఉండవు గనుక, ఏ భోజనశాలలో ఏ దినమున వండుదురో ముందురోజు అడిగి తెలిసికొనవలెను. మత్స్యభోజనము గలవారు పులస కొరకు వానకాలపు వరదలనాడు పోవలసియుండును. ఎండ వాలిన పిదప మా పిల్లవాడు కలవరించుచున్న రోజ్ మిల్క్. ఆ యూర దానికి పెద్దపేరు.

సాయంకాలము కందుకూరి వీరేశలింగము పంతులుగారి గృహము. అది నేడు ప్రదర్శనశాలగా నున్నది. 1881 డిసెంబరు 11న ఈ యూరనే ఆయన తొలి వితంతు వివాహమును జరిపించిరి. ఊరివారు వెలివేసిరి. వంటవారు రామనిరి, నీళ్లు తెచ్చువారు మానుకొనిరి. అప్పుడు ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నీళ్లు తామే మోసి, తామే వంట చేసి పెండ్లివారికి పెట్టిరి.

ఈ మాట వినునప్పుడు అత్తగారి చేతిలోని జపమాల నిలిచినది. నేను గమనింపనట్లు చదువుచుంటిని.

ఆదివారము ధవళేశ్వరము. కాటన్ దొర 1847లో మొదలుపెట్టించిన ఆనకట్ట 1852లో ముగిసెను. అంతకుముందు కరవులతో కృశించిన ఆ సీమ పిదప వరిపొలమైనది. మా పలనాటికి అట్టి భాగ్యము 1967లో నాగార్జునసాగరము కుడికాలువతో వచ్చెను. కాలువనీరు పారినచోట నేడు మా యూళ్లలోను వరి పండుచున్నది. శ్రీనాథుని యెత్తిపొడుపునకు జవాబు ఆ కాలువలో నున్నది! నేటి వైద్యులేమో మధుమేహము గలవారిని జొన్నరొట్టె తినుమనుచున్నారు.

ధవళేశ్వరమున ఏరు దాటి, బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురము చేరవలెను. అచ్చటి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. బోర్లించిన కుండ క్రింద మంట వేసి, పలుచని బియ్యపుపిండి నీటిలో గుడ్డ ముంచి కుండపై ఒక్కసారి లాగుదురు. రెప్పపాటున రేకు లేచును. నేయి చిలికి, పంచదార పొడిగాని బెల్లపుపొడిగాని చల్లి మడుతురు. ఆ మంటయెదుట దినమంతయు కూర్చుండువారు చాలవరకు స్త్రీలే. బేరమాడబోవునప్పుడు ఆ చేతులను తలచుకొనవలెను.

మరికొన్ని మాటలు. ఏ వంటకమైనను మొదట ఒకటి తెప్పించి నలుగురు పంచుకొన్నచో కడుపును, సంచియు తేలికగా నుండును. త్రాగునీరు కాచి వెంట తీసికొనుడు. పూతరేకులు నలిగిపోవును గనుక గట్టి డబ్బా యొకటి ఖాళీగా పట్టుకొనిపొండు. మావారి చిన్ననాటి స్నేహితులు ఆ యూర నున్నారు. వారికి కానుకగా జొన్నరొట్టెలు, పండుమిరప పచ్చడి సిద్ధపరచుచున్నాను. రెడ్డిరాజుల పట్టణము మన జొన్నను రుచిచూచి తీర్పు చెప్పవలెను గదా!

కాగితము మడిచిన పిదప అత్తగారు కొంతసేపు పలుకలేదు.

“అమ్మాయీ, ఆమె వండినది సరే, ఆ విందున కూర్చుండి తిన్నదెవరు?” అని యడిగిరి.

“పెండ్లివారు, పంతులుగారి మిత్రులు, శిష్యులు కొందరు నండీ” అంటిని.

“ఆ వంట వండుటకు ఆమెకెంత గుండె కావలెనో, ఆ విస్తరిముందు కూర్చుండుటకు వారికిని అంత కావలెను” అని మరల జపమాల త్రిప్పసాగిరి. లేచి పోబోవుచుండగా వెనుకనుండి పిలిచి, “నాకును టిక్కెట్టు తీయింపుము. తిందునో లేదో ఆ వేళకు చూతము. ఆ యిల్లు మాత్రము చూడవలెను” అనిరి.

నాలుగు టిక్కెట్లు కొంటిమి. ఆమె కొరకు అటుకుల మూట యొకటి కట్టి యుంచితిని. దానిని విప్పవలసి వచ్చెనో లేదో వచ్చు నెల వ్రాసెదను.