ఇంటికి లెక్క వుంది, వొంటికి లేదు

2024 సెప్టెంబరు 17న రాష్ట్ర ప్రభుత్వం బుడమేరు వరద బాధితులకు పరిహారం ప్రకటించింది. మునిగిన ఇంటి కింది అంతస్తువాళ్ళకు 25,000 రూపాయలు, పై అంతస్తులవాళ్ళకు 10,000, ఆటోకు 10,000, మోటారు సైకిలుకు 3,000. చనిపోయిన మనిషి కుటుంబానికి 5 లక్షలు. ఈ అంకెలు తక్కువా ఎక్కువా అనే వాదంలోకి నేను దిగదలచుకోలేదు. ఆ వాదం అప్పుడే కావలసినంత జరిగింది. నా అభ్యంతరం జాబితాలో వున్నవాటిమీద కాదు, లేనిదానిమీద. అంతస్తుకు ధర వుంది, ఆటోకు ధర వుంది, చచ్చిన మనిషికి కూడా వుంది. ఆ నీళ్ళలో నిలబడి బతికి బయటపడ్డ మనిషి వొంటికి మాత్రం ఒక గడి లేకపోయింది.

"అదేమిటి, కేంద్ర ప్రభుత్వ విపత్తు సహాయ నిబంధనల్లో గాయాలకు కూడా రేటు వుందిగదా" అని ఎవరైనా అడగవచ్చు. వుంది, కాదనను. వారం రోజులకు మించి ఆస్పత్రిలో వుండవలసిన గాయానికి 16,000, అంతకు తక్కువైతే 5,400. కాలో చెయ్యో కన్నో పోతే, పోయిన శాతాన్నిబట్టి 74,000, లేదా రెండున్నర లక్షలు. ఈ పద్దు రాసినవారి దృష్టిలో విపత్తు అంటే ఒక దెబ్బ. గోడ కూలుతుంది, కాలు విరుగుతుంది, కట్టు కడతారు, కథ ముగుస్తుంది. ఆరు నెలలకో రెండేళ్ళకో తలెత్తే జబ్బు వారి ఊహలోకే రాలేదు.

ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు బుడమేరు ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది గనక బుడమేటి నీరు అటు పోయే వీలు లేక వూరిమీద పడింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, కండ్రిక మునిగాయి. సైన్యం వచ్చి చెయ్యి వేస్తేనేగాని, సెప్టెంబరు 7కు గండ్లు పూడలేదు. ఆ పేటల్లో ఎక్కువమంది కూలీలు, ఆటోవాళ్ళు, చిన్న వర్తకులు. బీదవాడికి ఇల్లు కట్టాలంటే మన నగరాలకు ఎప్పుడూ పల్లపు నేలే దొరుకుతుంది! పోనీ ఆ వచ్చింది మంచినీరా అంటే, అదీ కాదు. బెజవాడ మురుగును మోసే ఏరు అది.

మురుగు కలిసిన నీళ్ళలో నడిచినవాడికి ఎలుకల మూత్రంనుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. కాలివేళ్ళ సందుల్లో పుండ్లు, విరేచనాలు, కామెర్లు, యివన్నీ తెలిసినవే. వీటిలో చాలావరకు వైద్య శిబిరాలు ఎత్తివేసేలోగానే బయటపడతాయి. అసలు చిక్కు ఆ తరవాత వచ్చేవాటితో. రోజుల తరబడి నీళ్ళు తాగిన ఇటుకగోడ నెలల తరబడి చెమ్మ కక్కుతుంది. చెమ్మమీద బూజు పడుతుంది. ఫైరింజన్లు వచ్చి ఇళ్ళలో బురద కడిగాయి, మంచి పనే. గోడ లోపలి చెమ్మను ఏ ఫైరింజనూ కడగలేదు. గాలి ఆడని ఒంటిగది కొంపలో ఆ బూజు పీల్చిన పిల్లవాడికి దగ్గు పట్టుకుంటే, ఉబ్బసం వున్న ముసలమ్మకు రాత్రిళ్ళు నిద్ర కరువైతే, దాన్ని వరదజబ్బు అని ఎవరంటారు? చలికాలపు దగ్గు అంటారు.

పాత రోగుల సంగతి మరీ ఘోరం. కరెంటు లేక ఫ్రిజ్ ఆగితే ఇన్సులిన్ చెడుతుంది. రక్తపోటు మాత్రలు కొట్టుకుపోతాయి. నెలల తరబడి విడవకుండా మింగవలసిన క్షయ మందు మధ్యలో తప్పితే రోగం మొండికెత్తే ప్రమాదం వుంది. మందుల చీట్లు, ఎక్స్‌రేలు, ఆస్పత్రి కాగితాలు బురదలో కలిసిపోతాయి. రేపు ఆ రోగి వెళ్ళి "వరదకు ముందు నాకు ఇంత లేదు" అంటే రుజువు చూపమంటారు. రుజువేమో ఏట్లో పోయింది.

ఇదంతా నా ఊహాగానం అనుకునేవారికి ఒక పాత సంగతి చెబుతాను. 1968లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో వరద వచ్చింది. బెన్నెట్ అనే వైద్యుడు మునిగిన ఇళ్ళవాళ్ళను మునగని ఇళ్ళవాళ్ళతో పోల్చి చూసి, 1970లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో తన పరిశీలన ప్రచురించాడు. వరద తరవాతి పన్నెండు నెలల్లో, మునిగిన ఇళ్ళలో మరణాలు సగానికి సగం పెరిగాయి. వీళ్ళు నీళ్ళలో కొట్టుకుపోయినవాళ్ళు కారు. పొడినేలమీద, తమ మంచాలమీద పోయినవాళ్ళు. మన 5 లక్షల గడిలోకి ఇటువంటి చావు ఎట్లా ఎక్కుతుంది? అదే ఇంగ్లండులో 2013-14 శీతకాలపు వరదల తరవాత ఏళ్ళ తరబడి బాధితులను పలకరిస్తూ పోతే, మూడేళ్ళకు కూడా దిగులూ ఆందోళనా విడవనివాళ్ళు చాలామంది కనిపించారు. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కూడా విపత్తుల అనంతరం మానసిక సహాయం ఎట్లా అందించాలో 2009లోనే మార్గదర్శకాలు అచ్చు వేసింది. తెలియక కాదన్నమాట.

సాహిత్య విమర్శకు పెట్టిన పేజీల్లో ఈ గొడవ ఎందుకని కొందరు మిత్రులు విసుక్కోవచ్చు. మాటలతో వ్యాపారం చేసేవాళ్ళం గనకనే ఎందుకో చెబుతాను. "సాధారణ పరిస్థితులు నెలకొన్నాయి" అనే వాక్యం వుంది చూశారూ, ప్రతి వరద చివరా కనిపించే వాక్యం, దాని కర్త ఎవరు? రోడ్డుమీద నీరు తీసింది, బస్సు తిరిగింది, దుకాణం తెరిచారు. అది రోడ్డుకు సాధారణ పరిస్థితి. ఆ వాక్యం రోడ్డును చూసి రాసింది, మనిషిని చూసి కాదు. మన కవులు ఈ వాక్యాన్ని ఎదిరించారా? లేదు. వరద కవిత్వమంతా నీళ్ళు పెరగడంతో మొదలై నీళ్ళు తీయడంతో ఆగిపోతుంది. తేలే శవాలూ, చంటిబిడ్డలూ, పాలకుల మీద నాలుగు నిప్పులూ వుంటాయి. చెమ్మ గోడ పక్కన రెండో ఏడు దగ్గుతున్న మనిషి కవితావస్తువు కాలేదు. చూడ్డానికి అతను బాధితుడిలా వుండడు. ప్రభుత్వం దస్త్రం మూసిన రోజే కవి కూడా కలం మూస్తే, ఇద్దరి సౌందర్యదృష్టీ ఒకటే అనవలసి వస్తుంది. దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెనకు వేలమంది పోయారు. పోయినవాళ్ళను మన సాహిత్యం తలచుకున్నంతగా మిగిలినవాళ్ళను అడిగి చూడలేదు.

ఇది వరదతో పోయేది కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంనుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీద పడింది. పన్నెండు మంది మరణించారు. పరిహారం ఆస్పత్రిలో పడుకున్న రోజులనుబట్టి పంచారు: ప్రాథమిక చికిత్సకు 25,000, రెండు మూడు రోజులుంటే లక్ష, వెంటిలేటరు మీద వుంటే 10 లక్షలు. ఆ స్టైరీన్ క్యాన్సరు కలిగించే సంభావ్యత వున్న పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ పరిశోధనా విభాగం 2018లోనే వర్గీకరించింది. క్యాన్సరు మూడు రోజుల్లో వస్తుందా?

భోపాల్ మనకు గుణపాఠం కావలసింది. 1984 డిసెంబరు 2 రాత్రి విషవాయువు పీల్చినవాళ్ళలో అత్యధికులను "తాత్కాలిక గాయం" అనే శీర్షిక కింద వేశారు. తలకు 25,000 రూపాయలు. (బెజవాడ కింది అంతస్తు రేటూ అదే కావడం కాకతాళీయమే కావచ్చు.) వైద్య పరిశోధనా మండలి జరుపుతున్న దీర్ఘకాల పరిశీలన 1994లో ఆగిపోయింది. పరిహారం పెంచమన్న పిటిషనును 2023 మార్చిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. గాయం తాత్కాలికమని ముందే రాసి, శాశ్వతమని తేల్చగల పరిశీలనను ఆపితే, ఇక రుజువు ఎక్కడినుంచి వస్తుంది?

"జబ్బుకు కారణం వరదేనని ఎట్లా నిర్ణయిస్తారు?" అనే ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే వుంది. ఒక్క మనిషిని చూసి నిర్ణయించలేం. మునిగిన పేటనూ మునగని పేటనూ పక్కపక్కన పెట్టి ఏళ్ళ తరబడి చూస్తే నిర్ణయించవచ్చు. దానికి పట్టిక కావాలి. పట్టిక పెట్టనివాడే రుజువు అడగడం న్యాయం కాదు.

ఖర్చు మాట కూడా వస్తుంది. న్యూయార్కులో 2001 సెప్టెంబరు 11న జంట భవనాలు కూలాక వారం తిరక్కుండానే అక్కడి పర్యావరణ అధికారులు గాలి క్షేమమేనన్నారు. ఆ దుమ్ము పీల్చిన అగ్నిమాపక దళంవాళ్ళూ, శిథిలాలు ఎత్తిన కూలీలూ, వాళ్ళ సంఘాలూ దాదాపు పదేళ్ళు పోరాడితేగాని ఆరోగ్య చట్టం రాలేదు. 2011 జనవరిలో వచ్చింది. 2015లో దాన్ని 2090 దాకా పొడిగించారు. లక్షమందికి పైగా అందులో నమోదై వున్నారు. ఉబ్బసం, క్యాన్సర్లు, మనోవ్యాధులు కూడా దాని కిందికి వస్తాయి. ఆనాడు భవనాల్లో చనిపోయిన ఆ దళంవాళ్ళు 343 మంది. తరవాత జబ్బులతో పోయినవాళ్ళ సంఖ్య 2024 నాటికి దాన్ని దాటింది. అమెరికా ప్రభుత్వ దయాగుణాన్ని మెచ్చుకోవడానికి ఇది చెప్పడంలేదు. దయ వుంటే పదేళ్ళు పట్టదు.

మన దగ్గర అంత కూడా అక్కర్లేదు. సిబ్బంది 2024 సెప్టెంబరులోనే ఇల్లిల్లూ తిరిగి, ఏ ఇల్లు ఏ అంతస్తులో వుందో రోజుల్లో తేల్చగలిగారు. ఆ జాబితా ప్రభుత్వం దగ్గర వుంది. అందులో ప్రతి ఇంటి పేరు పక్కనా మనుషుల పేర్లు ఎక్కించాలి. ఎన్ని రోజులు నీళ్ళలో వున్నారు, ముందునుంచి ఏ జబ్బులున్నాయి, ఏ మందు ఎన్నాళ్ళు తప్పింది, యివి రాయాలి. ఏడాదికి రెండుసార్లు పేటలోని ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా పరీక్ష చెయ్యాలి. ఒక మానసిక వైద్యుడు వారంలో ఒక పూట అక్కడ కూర్చోవాలి. పోయిన ఆస్పత్రి కాగితాలకు బదులు ఒక కార్డు ఇవ్వాలి, ఏ ప్రభుత్వ ఆస్పత్రిలోనైనా చెల్లేది. ఆటో నంబరు రాసుకున్న కాగితంమీద ఆటో నడిపినవాడి ఊపిరితిత్తుల సంగతి రాయడానికి చోటు లేదంటే, ఏ అధికారి అంటాడో సంతకం పెట్టి అనమని అడగాలి.