ల్యాబు తలుపులు అమ్మాయిలకి ఎన్నింటిదాకా?

ఇంజనీరింగు కాలేజీల ప్రకటనల్లో ఈమధ్య 'రోబోటిక్స్' అన్న మాట బాగా వినబడుతోంది. వినడానికి బాగానే ఉంది. కానీ మన పిల్లల చేత రోబోని చేయిస్తారా, లేక బోర్డు మీద బొమ్మ గీసి సరిపెడతారా?

పుస్తకం చదివితే వంట వచ్చేస్తుందా? ఇదీ అంతే. నేలమీది నల్లగీత వెంట నడిచే చిన్న బండినే తీసుకోండి. ట్యూబులైటు కింద బుద్ధిగా నడిచింది, కిటికీలోంచి ఎండ పడగానే దారి తప్పొచ్చు. గీతని గుర్తుపట్టే సెన్సరుని ఎండ తికమకపెడుతుంది మరి! బ్యాటరీ దిగిపోతే మోటారు మందగిస్తుంది. ఒక మోటారు వైర్లు తారుమారైతే బండి ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. విప్పి, బిగించి, మళ్ళీ నడిపి చూస్తేనే ఇవి వంటబడతాయి.

బొంబాయి ఐఐటీ వారి 'ఈ-యంత్ర' పథకం ఈ సంగతి గ్రహించింది. కేంద్ర విద్యాశాఖ సాయంతో నడిచే ఈ పథకంలో కాలేజీలో రోబో ల్యాబు పెట్టించడంతో పాటు అక్కడి అధ్యాపకుల బృందానికీ చేతిపని నేర్పిస్తారు. 2012 నుంచి విద్యార్థులకి పోటీలూ పెడుతున్నారు. గురువుకే రాని పని శిష్యులకెలా వస్తుంది? అందుకే ఈ పద్ధతి నాకు నచ్చింది.

అయితే ల్యాబు వచ్చినంత మాత్రాన ఆడపిల్లలకి అందినట్టేనా? ఇది గంట పీరియడులో తేలే పని కాదు. సాయంత్రాలు దాటి రాత్రిదాకా సాగుతుంది. నాకు తెలిసిన ఓ అమ్మాయి హాస్టలు గేటు మూసే వేళకి పని మధ్యలోనే లేచి రావాలి. మోటార్లు బిగించేది మగపిల్లలు, రిపోర్టు రాసేది తను. "నా దస్తూరీ బాగుంటుందట ఆంటీ" అని నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

భద్రత పేరు చెప్పి హాస్టళ్ళలో అమ్మాయిలకి అబ్బాయిల కంటే వేరుగా ఆంక్షలు పెట్టకూడదని యూజీసీ 2015 నిబంధనలే చెబుతున్నాయి. రాత్రిపూట పిల్ల బయట ఉంటే తల్లికి భయం ఉండదా? ఉంటుంది. దానికి మందు దారిలో దీపాలు, ల్యాబులో బాధ్యతగల మనిషి, హాస్టలుదాకా బస్సు. గేటుకి తాళం కాదు.

ఇంట్లో మనం మాత్రం? ప్లగ్గు ఊడితే కొడుకుని కేకేస్తాం, కాఫీ కలపాలంటే కూతుర్ని. స్క్రూడ్రైవరు ఆమె చేతికీ ఇద్దాం.

సీటు కోసం వెళ్ళినప్పుడు మెస్సు ఎలా ఉందని తప్పకుండా అడుగుతాం కదా. ల్యాబు ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది, మా అమ్మాయికీ అంతవరకేనా అని కూడా అడుగుదాం. పదిమంది తల్లులు అడిగితే యాజమాన్యం జవాబు వెతుక్కోక తప్పదు.