మా మనసు విప్పడానికి మీ ఇంటర్వ్యూ గది

మెండోరలో ఎవరికైనా మతి చెదిరితే మూడు దారులున్నాయి. ఒకటి బడాపహాడ్ దర్గా. రెండోది ఆమిల్ కట్టే తావీజు. మూడోది ఎర్రగడ్డ. నాలుగో దారి ఒకటి ఉందని పుస్తకాల్లో చదువుతాం. ఎదురుగా కూచుని, మన మాటలో మనం చెప్పింది విని, మాటతోనే మాన్పే క్లినికల్ సైకాలజిస్టు. ఆ మనిషి మా ఊరిదాకా ఇంకా రాలేదు. ఎందుకు రాలేదంటే నిపుణుల కొరత అంటారు. ఆ కొరత ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎంపిక గదుల్లో తయారవుతోంది. మేం మాట్లాడేది ఆ గదుల గురించే.

ముందు మా ఊళ్ల సంగతి వినండి. ఆర్మూరు చుట్టుపక్కల పసుపు పండుతుంది. పసుపు తవ్వే చేతులు, ఉడకబెట్టే చేతులు, ఆరబోసే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి. మిగతా కాలమంతా బీడీలు. చాట ఒడిలో పెట్టుకుని, వంచిన మెడ ఎత్తకుండా, రోజుకు ఇన్ని వందలని లెక్క. మగవాళ్లు దుబాయిలోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో. నిఖా అయిన నెలకే విమానమెక్కిన భర్త కోసం ఏళ్లు ఎదురుచూసే ఆడవాళ్లు మా గల్లీకి ఇద్దరు ముగ్గురున్నారు. అప్పు కట్టలేక ఉత్త చేతులతో తిరిగొచ్చి ఎవరితో మాట్లాడని మగవాళ్లున్నారు. వాళ్లకు "డిప్రెషన్" అనే మాట తెలియదు. "దిల్ బైఠ్ జారా" అంటారు. "ఘబ్రాహట్ హోరీ" అంటారు. పక్కింటి పద్మశాలి అక్క "గుండె దడదడ అంటున్నది, పానం మనసున పడ్తలేదు" అంటది. జబ్బు ఒకటే. చెప్పుకునే మాటలే వేరు.

2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. జబ్బును బట్టి వందలో 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదని తేల్చింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. మా బాధ లెక్కలోకే రాలేదన్నమాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాత్రం మతం, కులం, సంస్కృతి, వర్గం పేరుతో వివక్ష లేకుండా వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కని రాసింది. హక్కు ఉంది, ఇచ్చేవాడు లేడు.

ఇచ్చేవాడు ఎలా తయారవుతాడు? మనస్తత్వశాస్త్రంలో పీజీ చేయాలి. తర్వాత భారత పునరావాస మండలి గుర్తించిన చోట రెండేళ్ల ఎంఫిల్ చేయాలి. 2017 చట్టం చెప్పే క్లినికల్ సైకాలజిస్టు అతనే. పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకోవాలన్నా ఎక్కువమంది దాటొచ్చే గుమ్మం అదే. 2022 నిబంధనలతో యూజీసీ ఎంఫిల్‌ను ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 విద్యాసంవత్సరం దాకా గడువు ఇచ్చింది. గుమ్మం మారుతోంది. మారే గుమ్మానికి కాపలా ఎవరు, తాళం ఎవరి చేతిలో అని అడగాల్సిన సమయం ఇదే.

పాత గుమ్మానికి మూడు గొళ్లేలు. మొదటిది భాష. పీహెచ్‌డీకి దారి చూపే నెట్ పరీక్షలో సైకాలజీ ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది. తెలుగులో ఉండదు, ఉర్దూలో ఉండదు. రెండోది డబ్బు. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ప్రభుత్వ సంస్థలో దొరక్కపోతే ప్రైవేటులో లక్షల ఫీజు. బీడీ కట్టల మీద అన్ని లక్షలు పుట్టవు. ఈ రెండూ కనపడే గొళ్లేలు. మూడోది కనపడదు. దాని పేరు ఇంటర్వ్యూ.

మా ఊరి బీడీ కార్మికురాలి బిడ్డ ఒకతె పీజీలో మంచి మార్కులు తెచ్చుకుంది. రాతపరీక్ష గట్టెక్కింది. ఒక సంస్థలో ఇంటర్వ్యూకు పిలిచారు. తండ్రి ఏం చేస్తాడని అడిగారు. గల్ఫ్‌లో డ్రైవరు అంది. మగ పేషంటు వస్తే మీ ఇంట్లో ఒప్పుకుంటారా అని అడిగారు. తల మీది స్కార్ఫ్ చూసి, "మీవాళ్లు జిన్నులను నమ్ముతారు కదా, నువ్వు సైన్సు ఎలా చేస్తావు?" అని అడిగారు. తనకు ముందు వెళ్లిన అమ్మాయిని మీ ఇంట్లో దిష్టి తీస్తారా అని అడగలేదట. నీకెన్ని భాషలు వచ్చు అని ఒక్కరూ అడగలేదు. ఆమెకు దక్కనీ వచ్చు, తెలుగు వచ్చు, ఉర్దూ చదవడం రాయడం వచ్చు, ఇంగ్లీషు వచ్చు. తల్లిని సర్కారు దవాఖానాకు తీసుకుపోయిన ప్రతిసారీ తల్లి మాట డాక్టరుకు, డాక్టరు మాట తల్లికి మోసిన పిల్ల. ఆ గదిలో వాళ్లు వెతకాల్సిన మనిషి ఎదురుగానే కూచుంది. సీటు రాలేదు. ఎన్ని మార్కులు వేశారో, ఎందుకు వేశారో చెప్పిన దిక్కు లేదు.

"రోగానికి మతముంటుందా?" అని సెక్యులర్ మిత్రులు అడుగుతారు. లేదు. మరి ఇంటర్వ్యూ ప్రశ్నలకు ఎందుకుంది? మేం ముస్లిం రోగికి ముస్లిం సైకాలజిస్టు కావాలనడం లేదు. రోగి మాట తెలిసినవాడు కావాలంటున్నాం. "ముఝ్పే సాయా హై" అని ఒక తల్లి చెపితే, అది ఆమె తన దుఃఖానికి పెట్టుకున్న పేరా, నిజంగానే మతిభ్రమా అని తేల్చాలంటే ఆ మాట పుట్టిన ఇల్లు తెలియాలి. తెలియనివాడు తల్లికి పెద్ద జబ్బు పేరు రాస్తాడు, లేదంటే మూఢనమ్మకమని నవ్వి పంపేస్తాడు. ఇది శాస్త్రం విషయం. మా మనోభావాల విషయం కాదు.

"వినే గుణం రాతపరీక్షలో తెలియదు, అందుకే ఇంటర్వ్యూ" అని ఇంకో మాట. ఇది న్యాయమైన మాటే, ఒప్పుకుంటాం. మార్కుల పుట్టలన్నీ మంచి వైద్యులు కారు. అయితే వినే గుణాన్నే పరీక్షించండి. తండ్రి ఉద్యోగం అడిగితే వినే గుణం తెలుస్తుందా? పసుపు యార్డులో ఖరీదుదారు కాడిని విరిచి లోపలి రంగు చూస్తాడు. ఏ చేనులో పుట్టిందో అడిగి ధర కట్టడు. ఆపాటి న్యాయం మనుషులకు దక్కదా?

ఇది కొత్త తగాదా కాదు. శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలో రాతపరీక్షకు 100, ఇంటర్వ్యూకు 50 మార్కులు పెట్టారు. రెండు మూడు నిమిషాల్లో తల్లిదండ్రులెవరు, ఊరేదని అడిగి పంపేశారని విద్యార్థులు సుప్రీంకోర్టుకెక్కారు. అజయ్ హాసియా కేసులో 1980 నవంబరులో కోర్టు తీర్పు చెప్పింది. అలాంటి ప్రవేశాల్లో ఇంటర్వ్యూకు 15 శాతం దాటి మార్కులుంటే అది ఇష్టారాజ్యమేనంది. ఇంటర్వ్యూలను టేపులో రికార్డు చేస్తే మంచిదని కూడా అంది. జేఎన్‌యూలో అబ్దుల్ నఫే కమిటీ ఇంటర్వ్యూ మార్కుల్లో వివక్ష ఉందని చూపి, 30ని 15కు తగ్గించమంది. ఇన్ని జరిగినా 2022 యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు 30 శాతమే ఉంది. టేపు ఎక్కడా తిరగడం లేదు.

మా ఇంటి సంగతీ చెప్పుకోవాలి. 2007 చట్టంతో వచ్చిన 4 శాతం బీసీ-ఈ రిజర్వేషను రాష్ట్ర సంస్థల గుమ్మం దాకా పనిచేస్తుంది. రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. ఈ తేడా మీద మా నాయకులు గట్టిగా నోరెత్తింది ఎప్పుడు? ముషాయిరాల్లో దర్ద్ అంటే వాహ్‌వా అనే మా అష్రాఫ్ పెద్దలకు దూదేకుల ఇంటి దర్ద్, ఫకీరు ఇంటి దర్ద్ వినపడదు. సంకెళ్లేసి దర్గా స్తంభానికి కట్టే చేతులూ మనవే. 2001లో తమిళనాడు ఎర్వాడిలో షెడ్డు కాలిపోయి, గొలుసులతో కట్టి ఉన్న రోగులు 28 మంది చనిపోయారు. ఆ పొగ మన కళ్లకూ తగలాలి. డాక్టరు లేని చోట ఆమిల్ రాజ్యం చేస్తాడు. ఆమిల్‌ను తిడితే సరిపోదు, డాక్టరును తయారుచేయాలి.

మా భాషలో శాస్త్రం రాదనే మాట మాత్రం మాకు చెప్పొద్దు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే పాఠం మొదలుపెట్టింది. దారుల్ తర్జుమా కూచుని పుస్తకాలు తర్జుమా చేసింది. వైద్యం కూడా ఉర్దూలో చెప్పారు. ఆ నేల మీదే ఇవాళ ఉర్దూ బిడ్డ నోరు తెరవడానికి భయపడుతోంది. అప్పట్లో తెలుగు బిడ్డకు జరిగిన అన్యాయం కూడా మాకు గుర్తుంది. అందుకే ఒక భాషను దించి ఇంకోటి ఎక్కించమనడం లేదు.

బ్రిటన్‌లో క్లినికల్ సైకాలజీ డాక్టరేటు చేసేవారిలో ఎక్కువమందికి ప్రభుత్వ ఆరోగ్య సేవే జీతమిస్తుంది. అక్కడా తెల్లవాళ్ల ముఖాలే ఎక్కువని వాళ్లే ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం మొదటి మందు.

మా డిమాండ్లు చిన్నవి. ఇంటర్వ్యూ 15 శాతం దాటొద్దు. అందరికీ ఒకే ప్రశ్నలుండాలి. ఎవరి మార్కు వాళ్లు ముందే విడిగా రాయాలి, తర్వాతే చర్చ. మాటలు రికార్డు చేయాలి, మార్కులు బయటపెట్టాలి. తెలుగులో, ఉర్దూలో, గోండిలో రోగి మాట వినగలిగినవాళ్లకు దానికే మార్కులు వేయాలి. శిక్షణ సీట్లు నిజామాబాద్ లాంటి జిల్లా ఆసుపత్రులకు రావాలి, వాటితోపాటు స్టైపెండు రావాలి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఆర్మూరులో ట్యూషన్లు చెప్పుకుంటోంది. సాయంత్రం తల్లి పక్కన కూచుని బీడీల కట్టలు లెక్కపెడుతుంది. గల్లీ ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆమె ముందు మనసు విప్పుకుంటారు. ఇంటర్వ్యూ గది ఆమెను వద్దనుకుంది. రోగులు మాత్రం ఎప్పుడో ఎంచుకున్నారు.