నీతి వాక్యం తీసేసి బొమ్మ చూపండి

చిన్నపిల్లల కోసం అచ్చయ్యే తెలుగు కథల పుస్తకం ఏది తీసినా చివరి పేజీలో ఒక వాక్యం కాచుకుని కూర్చుంటుంది. ‘నీతి’ అని లావు అక్షరాలు, పక్కన రెండు చుక్కలు, ఆ తర్వాత దురాశ దుఃఖానికి చేటనో, పెద్దల మాట వినాలనో ఓ ముక్క. నాలుగేళ్ల పిల్లకు చదవడమే రాదు. కాబట్టి ఆ వాక్యం ఆమె కోసం రాసింది కాదు. కొనే తండ్రి కోసం, కొనుగోలుకు సంతకం పెట్టే అధికారి కోసం రాసింది. డబ్బు దండగ కాలేదని వాళ్లకిచ్చే రసీదు అది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో అంగన్‌వాడీకో ప్రాథమిక పాఠశాలకో పుస్తకాలు కావాలన్నప్పుడు ‘విలువలు నేర్పేవి తెప్పించండి’ అనేవాళ్లే ఎక్కువ. కోరికలో తప్పు లేదు. ఉన్నది పంచుకోవడం, నిజం చెప్పడం, పక్కవాడు ఏడిస్తే ఎందుకో కనుక్కోవడం మూడు నుంచి ఆరేళ్ల వయసులో బొమ్మల పుస్తకంతో నేర్పవచ్చు. ఏ పుస్తకంతో, ఎవరి బొమ్మతో, ఎలా అన్న దగ్గరే మనం దారి తప్పుతున్నాం. బొమ్మ చూపి కథ చెప్పే విద్య పుట్టిపెరిగిన ప్రాంతంలో ఈ పొరపాటు జరుగుతుండటమే విచిత్రం.

2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయి సిద్దిపేటలో కలిసేదాకా చేర్యాల కూడా ఈ ప్రాంతాలతో పాటు ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే ఉంది. అక్కడి నకాశీ కళాకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, తెల్లమట్టి, జిగురు కలిపి పూసి, ఆరాక ఎర్రటి రంగు మీద గడులు గడులుగా కథ గీసేవారు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు ఉండే పటం అది. దాన్ని చుట్టి భుజాన వేసుకుని కథకులు ఊరూరా తిరిగేవారు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు, డక్కలివాళ్లు మాదిగలకు జాంబ పురాణం చెప్పేవారు. గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు ఉండేవారు. అటు అడవి వైపు కోయగూడేల్లో పడిగె అనే జెండాగుడ్డ మీది బొమ్మల ఆధారంగా డోలీలు అనే కథకులు వేల్పుల కథలు పాడతారు. ఆ కోయ కథాగానానికే సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

ఆ పటం చెప్పే పద్ధతి ఒకసారి చూడండి. కథకుడు కర్రతో ఒక గడిని చూపిస్తాడు. పాడతాడు, ఆగుతాడు, పక్కవాడు వంత పలుకుతాడు. కూర్చున్నవాళ్లు ఆ బొమ్మలో ఇంకేముందో వెతుక్కుంటారు. తర్వాతి గడి ఇంకా చుట్టలోనే ఉంటుంది, అది విప్పేదాకా ఉగ్గబట్టుకోవాలి. గడిలో కనిపించేది తమలాంటి మనిషే. వాడి తలపాగా, వాడి మగ్గం, వాడి గొడ్లూ తెలిసినవే. కథంతా అయ్యాక ‘దీనివల్ల మనకు తెలిసిన నీతి ఏమిటి?’ అని కథకుడు అడిగితే జనం నవ్వి లేచిపోయేవారు.

అయితే పటం కథల్ని నెత్తికెత్తుకోవడానికీ హద్దుంది. అవి కులం కులానికి విడివిడిగా చెప్పిన కథలు. డక్కలివాళ్ల పటం ముందు పద్మశాలి పిల్లవాడు కూర్చోలేదు, మార్కండేయ పురాణం మాదిగవాడలో విప్పలేదు. తన వాళ్ల పుట్టుక గొప్పదన్న ధీమా ఆ కథలు ఇచ్చాయి. అణచివేతకు గురైన కులాలకు ఆ ధీమా తక్కువదేమీ కాదు. కానీ అంగన్‌వాడీలో అన్ని ఇళ్ల పిల్లలూ ఒకే చాప మీద కూర్చుంటారు. అక్కడ కావలసిన విలువల్లో మొదటిది పక్కవాడి ఇంటి పనిని, తిండిని, మాటను చిన్నచూపు చూడకపోవడం. అది ఏ పటంలోనూ లేదు. కాబట్టి పటం నుంచి పద్ధతి తీసుకుందాం, సరుకు మాత్రం కొత్తగా తయారు చేసుకోవాలి.

ఆ సరుకు తయారు చేయాలని చూసినవాళ్లు మనలోనే ఉన్నారు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో పుట్టిన కంచ ఐలయ్య శ్రమ గౌరవం మీద పిల్లల కోసం ఇంగ్లిష్‌లో ఒక పుస్తకం రాశారు. గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేస్తే నవయాన సంస్థ 2007లో ప్రచురించింది. కుండ చేసేవాళ్లు, తోలు పని చేసేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, గొడ్లు కాసేవాళ్లు ఏమేం కనిపెట్టారో అందులో అధ్యాయాలుగా ఉంటుంది. పటం కథలు విడివిడిగా చెప్పినవాటిని ఇది అందరి ముందూ ఒక్కచోట విప్పింది. మరుసటేడు హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో కథల వరుస తెచ్చింది. గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటి రచయితలు అందులో ఉన్నారు. దళితవాడ పిల్ల, ఇంట్లో తలకాయ కూర వండుకునే ముస్లిం కుటుంబం కథ మధ్యలోకి వచ్చి కూర్చున్నాయి. తెలుగు పిల్లల సాహిత్యంలో అదొక మలుపని నా అభిప్రాయం. చిక్కల్లా ఈ పుస్తకాలు చదవడం వచ్చిన పిల్లలకు. మూడేళ్ల, నాలుగేళ్ల వాళ్ల కోసం, పేజీకి ఒకటో రెండో వాక్యాలతో, బొమ్మే కథ చెప్పేలా ఈ దారిలో వచ్చినవి బాగా అరుదు.

ఎవరి బొమ్మ వేయాలన్నది వట్టి అభిమానానికి సంబంధించిన విషయం కాదని చూపిన ప్రయోగం ఒకటుంది. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించారు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఉన్నది పంచుకోవడం గురించిన ఒకే కథను రెండు రకాలుగా చదివి వినిపించారు. ఒకదాంట్లో పాత్రలు మనుషులు, రెండోదాంట్లో చొక్కాలు తొడుక్కున్న జంతువులు. తర్వాత తమ దగ్గరున్న స్టిక్కర్లలో కొన్నింటిని, ఏమీ దొరకని మరో పిల్లవాడికి ఇస్తారా అని చూశారు. మనుషుల కథ విన్నవాళ్లు మునుపటికంటే ఎక్కువ ఇచ్చారు. జంతువుల కథ విన్నవాళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. నక్క, కుందేలు చేసిన పనిని ఆ వయసు పిల్లలు చాలామంది తమకు అన్వయించుకోలేకపోయారన్నమాట. ఒక్క ప్రయోగంతో కుందేళ్లన్నిటినీ పుస్తకాల్లోంచి తరిమేయమని అనను. పిల్లలకు అవంటే ప్రాణం. కానీ మన ‘విలువల పుస్తకాల’ నిండా సింహాలూ నక్కలే ఉన్నప్పుడు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి కదా. ఆమాటకొస్తే పంచతంత్రం విష్ణుశర్మ రాజకుమారులకు లోకజ్ఞానం, రాజనీతి నేర్పడానికి చెప్పినదిగా మొదలవుతుంది. బలవంతుడి నుంచి ఎలా తప్పించుకోవాలో, శత్రువును ఎలా దెబ్బతీయాలో అందులో కావలసినంత ఉంది. మంచితనం దాని ప్రధాన పాఠం కాదు.

భయపెట్టే కథల సంగతీ అంతే. కాంగ్ లీ, విక్టోరియా తల్వార్ తదితరులు 2014లో ప్రచురించిన ప్రయోగంలో పిల్లల వెనక ఒక బొమ్మ పెట్టి, తిరిగి చూడొద్దని చెప్పి బయటకు వెళ్లారు. చాలామంది చూశారు, చూస్తారు కూడా. తర్వాత కథ చెప్పి, చూశావా అని అడిగారు. నాన్నా పులి కథకు అటువైపు ప్రతిరూపమైన తోడేలు కథ, అబద్ధమాడితే ముక్కు పొడుగయ్యే పినాకియో కథ విన్నవాళ్లలో నిజం ఒప్పుకోవడం పెరగలేదు. చెట్టు నరికింది తానేనని ఒప్పుకుని తండ్రి మెప్పు పొందిన జార్జ్ వాషింగ్టన్ కథ విన్నవాళ్లలో పెరిగింది. మన బడుల్లో మొదటి రకం కథలే రాజ్యమేలుతున్నాయి. ఇక కథలోని నీతిని పిల్లలు వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారన్న నమ్మకాన్ని డార్సియా నార్వేజ్ 1999లోనే పరీక్షకు పెట్టారు. మూడో తరగతి పిల్లల్లోనే చాలామంది కథ చెప్పదలచిన నీతిని గుర్తించలేకపోయారు. అంగన్‌వాడీ పిల్లల మాట వేరే చెప్పాలా?

అసలు ఎవరి విలువలు? మనం పిల్లలకు నేర్పాలనుకునే జాబితా రాసుకుంటే అందులో సగం పెద్దలకు సౌకర్యంగా ఉండేవే ఉంటాయి. ఎదురు చెప్పకు, అల్లరి చేయకు, టైముకు రా, శుభ్రంగా రా. మహబూబాబాద్ చుట్టుపక్కల మిర్చి ఏరే కాలం ఊహించుకోండి. తెల్లారకముందే తండా నుంచి ఆటోల్లో తల్లులు చేలకు పోతారు. ఎనిమిదేళ్ల అక్క తమ్ముడి ముఖం కడిగి, చంకనేసుకుని అంగన్‌వాడీలో దింపి తన బడికి పరుగెత్తుతుంది. ఆలస్యమవుతుంది, జడ కూడా సరిగా ఉండదు. ఆ పిల్ల ముందు ‘సమయపాలన’ పుస్తకం తెరిచి, ఆలస్యంగా వచ్చే సోమరి గాడిద బొమ్మ చూపిస్తే క్లాసంతా ఎవరి వైపు తిరిగి నవ్వుతుంది? అదే ఒక పేజీలో తమ్ముణ్ని చంకనేసుకున్న అక్క బొమ్మ ఉండి, తర్వాతి పేజీలో చెప్పు తెగి ఆమె ఆగిపోయి ఉంటే, పిల్లల్ని అడగాల్సింది ఒక్కటే: ఇప్పుడు ఎవరు ఏం చేయొచ్చు? సంచి పట్టుకుంటానని ఒకడంటాడు. సార్‌కు ముందే పోయి చెబుతానని ఇంకొకతె అంటుంది. ఇంకొకడు ఆ బొమ్మ మూలన ఉన్న కోడిని చూపిస్తాడు, దాని రంగు గురించే మాట్లాడతాడు. మాట్లాడనివ్వాలి. బాధ్యత, ఓర్పు అనే మాటలు ఎవరూ ఎత్తకుండానే అక్కడ పని జరుగుతోంది.

ఇది జరగాలంటే బొమ్మలోని పిల్ల ఏ భాషలో మాట్లాడుతుందన్నదీ తేలాలి. ఈ జిల్లాల్లో లంబాడీ ఇళ్లలో గోర్ బోలి ఉంది. కొత్తగూడ, గంగారం వైపు కోయ ఉంది. మిగిలిన ఇళ్లలోనూ పిల్లలు మాట్లాడేది పుస్తకాల్లో అచ్చయ్యే తెలుగు కాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో, వాటిలో కోయ, బంజారా (గోర్ బోలి) కూడా ఉన్నాయి, మాతృభాషా బోధన మొదలుపెట్టి వాచకాలు వేశారు. ఆ ప్రయత్నం నిలదొక్కుకోలేదు. మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ ఉండే పుస్తకానికి ఈ ఇబ్బంది సగం తగ్గుతుంది. అసలు మాటలే లేని పుస్తకమైతే టీచరమ్మ తెలుగులో చెబితే ఆయమ్మ గోర్ బోలిలో చెప్పుకోవచ్చు.

అంగన్‌వాడీ టీచర్ రోజు ఎలా గడుస్తుందో తెలిసినవాళ్లు ఈ మాట దగ్గర నొసలు చిట్లిస్తారు. పిల్లల బరువులు తూయాలి, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ నింపాలి, ఆరోగ్యలక్ష్మి భోజనం వండించి గర్భిణులకు, బాలింతలకు పెట్టాలి, బాలామృతం లెక్క చూడాలి. మూడేళ్లు దాటిన పిల్లల కోసం 2024లో కేంద్రం ‘ఆధార్‌శిల’ పేరుతో ఆటపాటల పాఠ్యక్రమం విడుదల చేసింది. కాగితం మీద కథకు అందులో చోటుంది, ఆమె రోజులో చోటు వెతకాలి. మధ్యాహ్న భోజనానికి ముందు పదిహేను నిమిషాలు ఫోన్ పక్కన పెట్టమని ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు, శిక్షణ శిబిరాలకంటే ఎక్కువ మేలు.

ఇంకో అడ్డంకి ట్రంకు పెట్టె. వచ్చిన పుస్తకాలు చాలా చోట్ల దాంట్లోనో, బీరువాలోనో తాళం వెనక ఉంటాయి. తప్పు టీచర్‌ది కాదు. స్టాక్ రిజిస్టర్‌లో రాసిన పుస్తకం చినిగితే, తనిఖీలో లెక్క తగ్గితే ఎవరు కట్టాలి? నాలుగేళ్ల పిల్లల చేతికిచ్చిన పుస్తకం చినగకుండా ఉందంటే దాన్ని ఎవరూ ముట్టుకోలేదని అర్థం. ఏడాదికి ఇన్ని పుస్తకాలు చినగొచ్చు, లెక్కలోంచి కొట్టేయొచ్చు అని జిల్లా అధికారులు రాసిస్తే తాళాలు వాటంతట అవే ఊడతాయి.

డబ్బు విషయానికొస్తే, సమగ్ర శిక్షా కింద ప్రాథమిక పాఠశాల గ్రంథాలయానికి ఏడాదికి 5,000 రూపాయల దాకా ఇచ్చే వీలుంది. చిన్న మొత్తమే. అయినా జాగ్రత్తగా ఎంచితే ఒక తరగతికి సరిపడా మంచి బొమ్మల పుస్తకాలు వస్తాయి. హైదరాబాద్‌లో మంచి పుస్తకం ఉంది, చెన్నై తూలిక తెలుగులో వేస్తోంది, నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం ఎప్పటినుంచో ఉంది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దించుకుని అచ్చు వేసుకోవచ్చు, అనుమతి అడగనక్కర్లేదు, మూలం పేర్కొంటే చాలు. అందులోని కథను గోర్ బోలిలోకో కోయలోకో మార్చి పెట్టుకోవడానికీ అడ్డు లేదు. ఆ పని చేయగల యువ టీచర్లు మహబూబాబాద్‌లోనే ఉన్నారు. చేర్యాల నకాశీ ఇళ్లు కొన్నే మిగిలాయి. వాళ్లకు ప్రముఖుల శాలువాలూ గోడ గడియారాల మీద బొమ్మలూ కాకుండా, తమ్ముణ్ని చంకనేసుకున్న అక్క కథను పది గడుల్లో గీయమని ఒక జిల్లా పనిస్తే ఎలా ఉంటుందో చూడాలని నాకు ఆశ.

ఇప్పుడైతే పుస్తకాల ఎంపిక పైనుంచి వచ్చే జాబితాల చేతుల్లో ఉంది. జాబితా తయారుచేసే కమిటీలో పలిమెల నుంచి ఒక అంగన్‌వాడీ టీచర్, డోర్నకల్ వైపు తండా బడి నుంచి ఒక పంతులమ్మ, పాలకుర్తి నుంచి ఇంకొకరు కూర్చోవాలి. కొనేముందు ప్రతి పుస్తకాన్నీ ఒక అంగన్‌వాడీలో నీతి పేజీ మూసిపెట్టి చదివి వినిపించాలి. పిల్లలు ‘మళ్లీ’ అని అడగని పుస్తకాన్ని జాబితాలోంచి కొట్టేయాలి.