వీధి ఇరుకైన నేమి?

పడకయు, వంటగదియు గల మోటారు ఇండ్లలో అమెరికా యంతయు తిరుగువారు, ఫ్లారిడాలోని సెయింట్ అగస్టీన్ చేరగానే విసుగుకొందురు. 1565లో స్పెయిన్‌వారు స్థాపించిన ఆ పట్టణపు పాత వీధులలో అంతటి బండి తిరుగదు. సెయింట్ జార్జి వీధిలో కాలినడకయే గతి. ఇది లోపమని తలచుట పొరపాటు.

1672లో ఆరంభించి 1695లో ముగించిన అచ్చటి కోటను చూడుడు. కొకీనా యను దాని రాయి, సముద్రపు గుల్లలు అతుకుకొని ఏర్పడిన మెత్తని రాయి! 1740లో ఆంగ్లేయుల ఫిరంగి గుండ్లు తగిలినప్పుడు అది బ్రద్దలు కాక, గుండ్లను తనలో ఇముడ్చుకొన్నది. గోడ దాపున నిలిచి ఆ గుల్లలను చూచిన బాలుడు ఈ సంగతి మరువడు. బండి కిటికీ నుండి చూచినవానికి మిగులునది తేదీ మాత్రమే. మన పాఠశాలల విహారయాత్రలకును ఈ తొందర జాడ్యము లేకపోలేదు.

అంతకు ముందు 1702 నాటి ముట్టడిలో ప్రజలు కోటలో తలదాచుకొనగా, ఊరు కాలిపోయినది. నేడు పాతవని చూపు ఇండ్లన్నియు పిమ్మట కట్టినవే. బండి పట్టని ఆ వీధులు మాత్రము వానికంటె పాతవి.